ఫోను నోరు మూయండి... మీ చెవులు మాత్రం మూయకండి!

ఎప్పుడూ పోపులపెట్టె కబుర్లేనా అని ఈ వారం మిమ్మల్ని కాస్త పైకి తీసుకెళ్దామనుకుంటున్నాను. ఎంత పైకి అంటారా? మబ్బుల పైకి! నవ్వకండి. ఈ కబురు వెనక నేను చేసిన ఒక పొరపాటు ఉంది. దానికి శిక్ష నాకు పడలేదు, పాపం మా చిన్నమ్మకు పడింది. అందుకే దాచుకోకుండా మీకు చెబుతున్నాను.

మా చిన్నమ్మది చిత్తూరు. డెబ్బై దాటాయి. మనిషి మంచి చురుకు, చెవులే కాస్త మందం. నాలుగేళ్లుగా చెవి మిషన్ పెట్టుకుంటోంది. కిందటేడు వానాకాలంలో హైదరాబాదులో మనవరాలికి చెవులు కుట్టించే వేడుక వచ్చింది. "రాత్రంతా రైల్లో అవస్థ ఎందుకమ్మా, రేణిగుంటలో విమానం ఎక్కితే గంటా గంటంబావులో మా దగ్గరుంటావు" అని కొడుకు టికెట్ తీసి పంపాడు. ఆమె ఒంటరిగా విమానం ఎక్కడం అదే మొదలు.

తిరుపతి నుంచి రేణిగుంటకు నేనే తోడు వెళ్లాను. దారిలో అన్నీ తెలిసినదానిలా పాఠం చెప్పాను. "చిన్నమ్మా, విమానంలో ఎలక్ట్రానిక్ సామాను ఏదున్నా ఆపేయాల. లేకపోతే పైలట్‌కి ఇబ్బంది" అన్నాను. ఆమె బుద్ధిగా తలూపింది. సీట్లో కూర్చోగానే ఫోను ఆపేసింది. ఆ తర్వాత చెవి మిషన్ కూడా తీసి, డబ్బాలో పెట్టి, పర్సులో వేసుకుంది!

ఇంకేముంది? సగం దారిలో దట్టంగా మబ్బులు పట్టాయి. సీటు బెల్టు గుర్తు వెలిగింది. ఎవరూ లేవొద్దని మైకులో చెప్పారు. ఆమెకు వినబడలేదు. బాత్రూముకని లేచింది. ఎయిర్ హోస్టెస్ వెనక నుంచి పిలిచిందట. అదీ వినబడలేదు. విమానం ఒక్క కుదుపు కుదిపింది. సీటు చెయ్యి మీద పడి కుడి మణికట్టు విరిగింది. మనవరాలి మీద అక్షింతలు ఎడమ చేత్తో వేయాల్సి వచ్చింది.

కట్టుతో తిరిగొచ్చిన మనిషిని చూసి, "అదేంది చిన్నమ్మా, మైకులో చెప్తే వినుకోలేదా?" అని నేనే గద్దించాను. ఆమె నా మొహంలోకి చూసి, "నువ్వే గదమ్మా అన్నీ ఆపేయమంటివి! చెవిలోది మాత్రం ఎలక్ట్రానిక్ గాదా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. తెలిసీ తెలియని సలహా అంటే ఇదే మరి. ఆ రోజు నుంచి ఈ రూల్సు ఒక్కొక్కటే అడిగి, చదివి తెలుసుకున్నాను. మన వైపు ఇప్పుడు విమానం ఎక్కని ఇల్లు తక్కువ. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటారు. కూతురి కానుపుకని చిత్తూరు నుంచి మద్రాసు వెళ్లి అమెరికా విమానం ఎక్కే అమ్మలున్నారు. పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్ పనులకు పోయే చెల్లెళ్లున్నారు. వీళ్లలో చాలామంది ఒంటరిగానే పోతారు. పక్క సీటువాళ్లు చెప్పిందే వేదం అనుకుంటారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అసలు ఎందుకు ఆపమంటారు?

ఇది నిన్న మొన్నటి గొడవ కాదు. 1960లలోనే అమెరికాలో చేతి రేడియోలు విమానానికి దారి చూపే పరికరాలకు అడ్డొస్తాయన్న అనుమానంతో నిషేధం పెట్టారు. తర్వాత వాక్‌మన్లు వచ్చాయి, ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు అన్నీ కట్టేయమనేవారు.

ఇప్పుడంత కఠినం లేదు. అమెరికా 2013 అక్టోబరులో సడలించింది. మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్, అదేనండీ డీజీసీఏ, 2014 ఏప్రిల్‌లో సడలించింది. అప్పటి నుంచి ఫోను పూర్తిగా ఆపక్కర్లేదు, 'ఫ్లైట్ మోడ్'లో పెడితే చాలు. ఫోన్లో చిన్న విమానం బొమ్మ ఉంటుంది చూడండి, దాన్ని నొక్కడమే. ఇక ఫోను టవర్‌తో మాట్లాడదు. కానీ అందులో దాచుకున్న పాటలు వినవచ్చు, ఫొటోలు చూసుకోవచ్చు.

మరి ఫ్లైట్ మోడ్ మాత్రం ఎందుకంటారా? మనం పక్క గదిలో ఉన్నవాళ్లతో మెల్లగా మాట్లాడతాం, పొలం అవతల ఉన్నవాళ్లను గొంతెత్తి పిలుస్తాం కదా. ఫోను కూడా అంతే. టవర్ దూరమయ్యేకొద్దీ గొంతు పెంచి వెతుక్కుంటుంది. పాత రోజుల్లో రేడియో పక్కన సెల్‌ఫోను పెడితే, ఫోను మోగబోయే ముందు రేడియోలో 'టరటర టరటర' అని గోల వచ్చేది, గుర్తుందా? అలాంటి గోలే పైలట్ చెవికి పెట్టుకున్న హెడ్‌సెట్‌లో వినబడవచ్చు. విమానం దిగే వేళ కింద నుంచి చెప్పే మాట ఆయనకు స్పష్టంగా వినబడాలి. మీ ఒక్క ఫోను వల్ల విమానం కూలిపోదు, భయపడకండి. కానీ నూటయాభై మంది ఫోన్లూ ఒక్కసారి వెతుక్కుంటే? అందుకే ఈ జాగ్రత్త.

పొగమంచులాంటివి కమ్మి ముందు దారి కనబడనప్పుడు, ఉన్నవన్నీ పూర్తిగా ఆపేయమని పైలట్ చెప్పవచ్చు. అప్పుడు ఫ్లైట్ మోడ్‌లో ఉంది కదా అని వాదించకూడదు. ల్యాప్‌టాప్‌లాంటి బరువైనవి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సర్దేయమంటారు. దానికి కారణం తరంగాలు కాదు సుమా! కుదుపు వస్తే ఎగిరి ఎవరి తలకో తగులుతుందని.

చెవి మిషన్ ఆపక్కర్లేదు, ఆపకూడదు!

ఇదీ నాకు తెలియక జరిగిన అనర్థం. చెవి మిషన్‌ను, గుండెకు అమర్చే పేస్‌మేకర్‌ను ఈ నిషేధంలో కలపలేదు. ఆ 1960ల నాటి అమెరికా నియమంలోనే వీటికి మినహాయింపు ఉంది. విమానం లేచినా, దిగినా, ఆకాశంలో ఉన్నా చెవి మిషన్ చెవిలోనే ఉండాలి. సెక్యూరిటీ తనిఖీ దగ్గర కూడా 'ఇది చెవి మిషన్' అని చెబితే సరిపోతుంది.

మీ ఇంట్లో అత్తగారో, మామగారో, అమ్మో చెవి మిషన్ వాడుతుంటే మూడు పనులు చేయండి. మొదటిది, మిషన్ బ్యాటరీలు కొత్తవి వేసి, అదనంగా ఒక జత చేతి సంచిలో ఉంచండి. ఛార్జింగ్ పెట్టుకునే రకమైతే దాని డబ్బా కూడా చేతి సంచిలోనే ఉండాలి. రెండవది, 'నాకు వినికిడి తక్కువ, దయచేసి దగ్గరకు వచ్చి చెప్పండి' అని ఇంగ్లీషులో ఒక చీటీ రాసి ఇవ్వండి. దాన్ని విమానం ఎక్కగానే ఎయిర్ హోస్టెస్‌కి చూపిస్తే, జాగ్రత్తలన్నీ దగ్గర నిలబడి విడిగా చెబుతారు. మూడవది, విమానాశ్రయంలో మైకులో పిలుస్తారులే అని కూర్చోవద్దని చెప్పండి. చాలాచోట్ల ఇప్పుడు మైకులో పిలవడం బాగా తగ్గించేశారు. బోర్డు చూసుకోవాలి, గేటు దగ్గరున్నవాళ్లకు చీటీ చూపించి అక్కడే కూర్చోవాలి.

హెడ్‌ఫోన్ల సంగతి

మిషన్ లేక వినబడనివాళ్ల సంగతి సరే, చెవులు రెండూ శుభ్రంగా ఉండి కూడా వినబడనివాళ్లున్నారు. ఎవరంటారా? చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూరుకున్న మన పిల్లలు! బయటి చప్పుడు అస్సలు రానివ్వని రకం హెడ్‌ఫోన్లు వచ్చాయి. బస్సులో, ఇంట్లో సరే. విమానంలో మాత్రం రెండు సమయాల్లో అవి తీసి ఒళ్లో పెట్టుకోవాలి. ఒకటి, బయల్దేరే ముందు బెల్టు ఎలా పెట్టుకోవాలో, తలుపులు ఎక్కడున్నాయో చూపించేటప్పుడు. రెండు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. ఈ రెండో దానికి ఒక్కో విమాన సంస్థ ఒక్కోలా చెబుతుంది. కొందరు తీయమంటారు, కొందరు తీగలేనివైతే ఫరవాలేదంటారు. సిబ్బంది ఏం చెబితే అదే రూలు. ఆ కాసేపట్లో అర్జంటుగా ఏదైనా చెప్పాల్సి వస్తే, మొదటి మాటే మన చెవిన పడాలి కదా.

ఇక హెడ్‌ఫోన్లు లేకుండా ఫోన్లో సీరియల్ పెద్దగా పెట్టి చూసేవాళ్లు మరో రకం. చిత్తూరు నుంచి తిరుపతి బస్సులో విసుగొస్తే మనం వేరే సీటుకి పోయి కూర్చుంటాం. విమానంలో ఎక్కడికి పోతాం? పిల్లాడు ఏడుస్తున్నాడని కార్టూన్ పెట్టి ఇస్తే, వాడికి చిన్న సైజు ఇయర్‌ఫోన్లు కూడా కొనిపెట్టండి. లేదా శబ్దం పూర్తిగా తీసేసి బొమ్మలు మాత్రం చూపించండి. అసలు కిటికీలోంచి మబ్బులు చూపిస్తే కార్టూన్ ఎందుకండీ?

ఇంకో మాట. దిగేటప్పుడు చెవులు దిబ్బెళ్లు పడతాయి. దానికి ఇయర్‌ఫోన్లు మందు కాదు. గుటకలు వేయాలి, ఆవులించాలి, పిప్పరమెంటు చప్పరించాలి. చంటిబిడ్డకైతే ఆ సమయంలో పాలు పట్టండి, ఊరుకుంటుంది.

పవర్ బ్యాంకు... పొయ్యి మీద పాల లాంటిది

పాలు పొయ్యి మీద పెట్టి ముందుగదిలోకి పోతామా? పోతే ఏమవుతుందో మనకు తెలుసు. పవర్ బ్యాంకు కూడా కళ్లెదుట ఉండాల్సిన వస్తువే. ఫోను, పవర్ బ్యాంకు, తీగలేని హెడ్‌ఫోన్లు, అన్నింటిలోనూ ఉండేది లిథియం బ్యాటరీ. నలిగినా, లోపల పాడైనా తనకు తానే వేడెక్కి, ఆ వేడికి ఇంకా వేడెక్కి, చివరికి మంట లేస్తుంది.

2017 ఫిబ్రవరిలో బీజింగ్ నుంచి మెల్‌బోర్న్ పోయే విమానంలో ఒకామె హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటూ నిద్రపోయింది. పెద్ద శబ్దం! బ్యాటరీ పేలి, మొహం మసిబారి, చేతులకు బొబ్బలెక్కాయి. ఆమె వాటిని లాగి కింద పడేస్తే, సిబ్బంది నీళ్లు పోసి ఆర్పారు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో బయల్దేరబోతున్న విమానంలో తలపై అరలోంచి మంటలు లేచాయి. అందరూ బయటపడ్డారు కానీ విమానం కాలిపోయింది. పవర్ బ్యాంకు బ్యాటరీయే కారణమై ఉండవచ్చని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు.

అందుకే ఈ రూల్సు. పవర్ బ్యాంకును లగేజీలో వేసే పెట్టెలో అస్సలు పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. కింద సామాను గదిలో పొగ వస్తే ఎవరు చూస్తారు? మన దగ్గరుంటే వెంటనే కనబడుతుంది, నీళ్లు పోసి ఆర్పవచ్చు. డీజీసీఏ 2025 నవంబరులో ఇచ్చిన సూచనల్లో ఇంకా రెండు చెప్పారు. పవర్ బ్యాంకును తలపై అరలో పెట్టకూడదు. విమానంలో దానితో ఫోనుకు ఛార్జింగ్ కూడా పెట్టకూడదు. సంచిలో వేసి ముందు సీటు కిందో, మీ దగ్గరో ఉంచుకోండి.

ఎంత పెద్దది తీసుకుపోవచ్చు? 100 వాట్ అవర్ల వరకూ ఎవరినీ అడగక్కర్లేదు. ఆ పైన 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. లెక్క కష్టమేం కాదు. బజార్లో దొరికే 10,000 ఎంఏహెచ్ రకం దాదాపు 37 వాట్ అవర్లు, 20,000 రకం దాదాపు 74. రెండూ ఫరవాలేదు. కానీ దాని మీద అంకెలు అరిగిపోయి కనబడకపోతే తనిఖీలో పక్కన పెట్టేయవచ్చు. ఉబ్బిపోయినది, కింద పడి పగిలినది ఇంట్లోనే వాడకూడదు, ఇక విమానంలోనా!

ఇంకొక్కటి ముఖ్యం. ఫోను జారి సీటు సందులో పడితే, సీటు వెనక్కీ ముందుకీ కదిపి వెతక్కండి. సీటు ఇనుములో నలిగితే మంట రావచ్చు. కదలకుండా కూర్చుని సిబ్బందిని పిలవండి. వాళ్లు తీసిస్తారు.

ఫోను మూగబోయిన వేళ

ఒంటరిగా పోయే ఆడవాళ్లకు అసలు భయం ఇక్కడుంది. మన ధైర్యమంతా ఫోన్లోనే కదా! టికెట్ అందులో, పిల్లల నంబర్లు అందులో, దిగాక ఎవరొస్తారో ఆ కబురూ అందులోనే. ఫ్లైట్ మోడ్ నొక్కగానే చెయ్యి విరిగినట్టుంటుంది.

కొన్ని విమానాల్లో వైఫై ఉంటోంది. మన దేశంలో 2018లో దానికి నియమాలు వచ్చాయి. 3,000 మీటర్ల ఎత్తు దాటాక వాడుకోవచ్చు. 2025 జనవరి 1 నుంచి ఎయిర్ ఇండియా దేశంలో తిరిగే కొన్ని విమానాల్లో కూడా మొదలుపెట్టింది. ఫోను ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచి, వైఫై ఒక్కటి ఆన్ చేసుకోవాలి. అయితే అది అన్ని విమానాల్లో ఉండదు. దాన్ని నమ్ముకుని బయల్దేరవద్దు.

మరి ఏం చేయాలి? మనకిది కొత్తా చెప్పండి! కొండ మీద శ్రీవారి దర్శనానికి పోయేటప్పుడు ఏం చేస్తున్నాం? ఫోను కౌంటర్లో ఇచ్చేసి క్యూలోకి పోతాం. 'తప్పిపోతే ఫలానా చోట నిలబడు' అని పిల్లలకు ముందే చెప్పుకుంటాం. ఎన్ని గంటలు పట్టినా ఫోను లేకుండానే గడుపుతాం, బయటికొచ్చి ఒకరినొకరం కలుసుకుంటాం. విమానమూ అంతే అనుకోండి. టికెట్ ఒకటి కాగితం మీద తీసుకోండి. దిగాక వచ్చేవాళ్ల పేరు, నంబరు, ఇంటి చిరునామా చిన్న పుస్తకంలో రాసుకోండి. 'సామాను తీసుకుని బయటి తలుపు దగ్గరే నిలబడతాను, ఫోను కలవకపోయినా అక్కడికే రా' అని ముందే చెప్పుకోండి. పాటలు, ప్రవచనాలు వినాలనుకుంటే ముందురోజే ఫోన్లోకి దింపి పెట్టించుకోండి. ఎక్కే ముందు 'ఎక్కేస్తున్నా' అని ఒక్క ఫోను చేయండి. దిగి, ఫ్లైట్ మోడ్ తీయడం మాత్రం మరిచిపోకండి! ఫోను కలవక అవతల పిల్లలు కంగారుపడతారు.

చివరగా...

మా చిన్నమ్మ చెయ్యి అతుక్కుంది. మునుపటి బలం మాత్రం రాలేదు. రోలు మీద ఊరిబిండి నూరాలంటే ఇప్పుడు ఎవరో ఒకరు సాయం పట్టాల్సిందే. ఇదంతా ఒక్క తప్పు సలహా వల్ల! అది తలుచుకున్నప్పుడల్లా నాకు ముద్ద దిగదు.

వచ్చే నెల ఆమె మళ్లీ హైదరాబాదు పోతోంది. మొన్న చిత్తూరు వెళ్లినప్పుడు ఈ రూల్సన్నీ పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఆమె చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివింది. "ఇది ముందే తెలుసుకోని చెప్పుంటే ఎంత బాగుణ్ణు గదమ్మా" అంది. కోపంగా అనలేదు. ఆ కాగితం మడిచి, చెవి మిషన్ డబ్బాలోనే పెట్టుకుంది. వచ్చేటప్పుడు ఒక డబ్బా నిండా నిప్పట్లు కట్టిచ్చింది, అవి ఎవరి చేత చేయించిందో నేను అడగలేదు.

మీరూ ఈ పేజీ చించి, ఊరికి పోయే అమ్మకో అత్తకో చేతి సంచిలో పెట్టండి. విమానంలో ఫోను నోరు కాసేపు మూయాలి, పవర్ బ్యాంకు మీద కన్ను వేసి ఉంచాలి, చెవులు మాత్రం తెరిచే ఉంచాలి. ఎవరైనా సలహా అడిగితే, తెలిస్తే చెప్పండి. తెలియకపోతే 'కనుక్కుని చెబుతాను' అనండి. ఆ మాట అనడానికి నేనే ఆలస్యం చేశాను.

మరి ఉంటాను. వచ్చే వారం వంటింట్లోనే కలుసుకుందాం!